చిన్న ఆన్‌లైన్ ఆటలు ఎందుకు మూతపడతాయి? ఎలా నిలుపుకోవాలి?

ఆటలు రెండు రకాలు. ఆడేవాళ్ళుంటే చాలు, బతికే ఆటలు కొన్ని. ఆడేవాళ్ళున్నా మరొకరి దయ వుంటేగాని బతకని ఆటలు కొన్ని.

మన సీమ పల్లెల్లో పులి-మేక ఆట మొదటి రకానికి చెందినది. రచ్చబండ మీద బొగ్గుముక్కతో గీతలు గీసి, నాలుగు గులకరాళ్ళు, పిడికెడు చింతపిక్కలు తెచ్చుకుంటే ఆట మొదలు. దక్షిణ దేశంలోని పాత గుళ్ళలో మంటపాల బండల మీద ఇలాంటి గళ్ళు చెక్కినవి ఎన్నో కనిపిస్తాయి. చెక్కినవారెవరో మనకు తెలియదు. అయినా ఇవాళ ఇద్దరు మిత్రులు ఆ గళ్ళ ముందు కూర్చుంటే ఆట సాగుతుంది. ఆటకు యజమాని లేడు, అద్దె లేదు, కరెంటు లేదు. నియమాలు జనం తలల్లో వున్నాయి, అంతే.

సెల్‌ఫోనులో పదిమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట రెండో రకం. నిన్న రాత్రి దాకా ఆడినవాడు పొద్దున లేచి చూస్తే “సర్వరు దొరకలేదు” అని వస్తుంది. రెండేళ్ళ శ్రమతో కూడబెట్టుకున్న పాయింట్లు, అక్కడ పరిచయమైన స్నేహితులు, అంతా ఒక్క దెబ్బకు మాయం. పెద్ద కంపెనీల ఆటలు పోతే పత్రికల్లో వార్త వస్తుంది. చిన్న ఆటలు పోతే ఆడినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మన కళాశాలల్లో ఏటా ప్రాజెక్టుల పేరుతో ఇలాంటి చిన్న ఆటలు పుడుతున్నాయి, ఏటా పోతున్నాయి కూడా. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం శాస్త్రీయంగా చూడటం అవసరం.

మగ్గం మన యింట్లో, అట్టలు వేరే యింట్లో

ఆన్‌లైన్ ఆట పనిచేసే తీరు ధర్మవరంలో పట్టుమగ్గం చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. మనకు కనిపించేది చీర. కాని అంచులో నెమలి రావాలా, మామిడిపిందె రావాలా అని నిర్ణయించేవి మగ్గం పైన జాకార్డులో వరుసగా తిరిగే రంధ్రాల అట్టలు. రంధ్రమున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జాకార్డు రూపొందించిన ఈ పద్ధతిని చూసే, ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి తన గణనయంత్రానికి కూడా అట్టలనే వాడాలని తలచాడు. అంటే కంప్యూటరు ప్రోగ్రాముకు మగ్గం మేనత్త వరస అన్నమాట!

ఇప్పుడు ఒక చిత్రమైన ఏర్పాటు వూహించండి. మగ్గం మీ యింట్లో వుంది, దారం మీది, నేసే చెయ్యి మీది. అట్టలు మాత్రం వేరే వూళ్ళో ఒకాయన యింట్లో తిరుగుతున్నాయి. ఆయన ఆపేస్తే మీ మగ్గం మీద చీర ఆగిపోతుంది. ఆన్‌లైన్ ఆటలో మన ఫోను మగ్గమైతే, ఆ దూరపు అట్టలే సర్వరు.

సర్వరు చేసే పనులు ముఖ్యంగా మూడు. ఒకటి, పంచాయితీ పెద్ద పని: ఎవరి ఎత్తు చెల్లుతుందో, ఎవరిది చెల్లదో తేల్చటం. రెండు, కరణం పని: ఎవరికెన్ని పాయింట్లున్నాయో రాసిపెట్టుకోవటం. మూడు, పెళ్ళిళ్ళ పేరయ్య పని: ఆడాలని వచ్చినవాడికి జోడీ వెతికిపెట్టటం. ఈ మూడింటిలో ఏది ఆగినా ఆట ఆగినట్టే.

మొదట్లో ఇది విద్యార్థుల పనే

పలువురు కలిసి దూరం నుంచి ఆడే కంప్యూటరు ఆటలకు ఆదిగా చెప్పుకునే వాటిలో ‘మడ్’ ఒకటి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ అనే తోటి విద్యార్థి దాన్ని అందుకుని ముందుకు తీసుకుపోయాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. “తూర్పుకు పో”, “దీపం తీసుకో” అని టైపు చేస్తే ఆట నడిచేది. తరువాత అది ‘బ్రిటిష్ లెజెండ్స్’ పేరుతో అమెరికాలోని కంప్యూసర్వ్ అనే సంస్థ కంప్యూటర్ల మీద నడిచింది. పాత యంత్రాలను తీసివేసే హడావుడిలో 1999 చివర అక్కడ మూతపడింది. ఆ తరువాత ఒక అభిమాని ఆ ప్రోగ్రామును కొత్త యంత్రాలకు పనికొచ్చేటట్టు తిరిగి రాసి నిలబెట్టాడు.

ఈ చిన్న కథలోనే మన పాఠమంతా వుంది. పుట్టించినవాడొకడు, పెంచినవాడొకడు, పోయేకాలానికి అడ్డుపడినవాడు మరొకడు. ఆట ఒక్క చేతిలోనే వుండివుంటే ఏనాడో పోయేది.

మూతపడటానికి కారణాలు

1. బల్ల దగ్గర మనుషులు లేకపోవటం

చిన్న ఆటలకు అన్నిటికంటే పెద్ద జబ్బు ఇదే. దీన్ని లెక్క వేసి చూద్దాం. ఒక ఆటకు నలుగురు కావాలి. ఆ ఆటను రోజూ అరగంట ఆడే వాళ్ళు 60 మంది వున్నారనుకోండి. తక్కువేం కాదు గదా! మొత్తం 30 గంటల ఆట. వాళ్ళు మేలుకుని వుండే 15 గంటల్లో ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వస్తే, ఏ క్షణంలో చూసినా సగటున ఇద్దరే వుంటారు. నలుగురి ఆటకు ఇద్దరు! కొత్తగా వచ్చినవాడు “ఏమప్పా, ఎవరూ లేరే!” అనుకుని వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. 60 కాస్తా 50 అవుతుంది, 50 కాస్తా 30. అరవైమంది అభిమానులుండి కూడా ఆట చచ్చిపోయేది ఇట్లాగే. ప్రేమ లేక కాదు, సమయం కలవక.

దీనికి మందు మన హిందూపురంలోనే వుంది. పట్టుగూళ్ళ మార్కెట్టు చూడండి. గూళ్ళు పండించిన రైతు ఎక్కువ రోజులు ఆగలేడు. లోపలి పురుగు రెక్కలొచ్చి గూడును తొలుచుకుని బయటపడితే దారం ముక్కలవుతుంది. దారం తీసే రీలరుకేమో సరుకు రోజూ కావాలి. వీళ్ళిద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ పల్లెలన్నీ తిరిగితే ఇద్దరూ నష్టపోతారు. అందుకే ఒక చోటు, ఒక వేళ. ఆటకు కూడా అంతే. ఆ 60 మందినే “రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది” అని కట్టడి చేస్తే, అరగంట చొప్పున ఆడినా ఏ క్షణంలోనైనా సగటున 30 మంది వుంటారు. ఏడు బల్లలు నిండి ఇద్దరు మిగులుతారు. పైసా ఖర్చు లేకుండా, ఒక్క కొత్త మనిషిని చేర్చకుండా, చచ్చిన ఆట లేచి కూర్చుంటుంది!

2. అద్దె

సర్వరుకు నెలనెలా అద్దె, పేరుకు ఏడాదికొకసారి రుసుము. నెలకు ఆరువందలు, పేరుకు ఏడాదికి పన్నెండువందలు అనుకుందాం. మొత్తం ఏడాదికి 8,400, అంటే నెలకు 700. ఉద్యోగస్థుడికి ఇది లెక్కలోది కాదు. ఇంటినుంచి వచ్చే డబ్బుతో మెస్సు బిల్లు కట్టుకునే విద్యార్థికి మాత్రం బరువే. అదే 35 మంది నెలకు ఇరవై రూపాయలు వేసుకుంటే సరిపోతుంది. చాలా చిన్న ఆటలు డబ్బు లేక పోవు, అడగటానికి మొహమాటపడి పోతాయి. అసలు ఖర్చెంతో ఆడేవాళ్ళకు చెప్పేవాళ్ళే తక్కువ.

3. ఒంటిచేతి సేద్యం

ఆట రాసినవాడు ఒక్కడే. సర్వరు తాళం (అదే, పాస్‌వర్డు) అతని దగ్గరే. ప్రోగ్రాము అతని ల్యాప్‌టాపులోనే. అతనికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. మొదటి నెల రాత్రిళ్ళు కూర్చుని చూసుకుంటాడు, రెండో నెల ఆదివారాలు, మూడో నెల “చూస్తాలే అన్నా” అంటాడు. ఆ తరువాత ఒకరోజు పేరు రుసుము గడువు దాటిపోతుంది. గడువు గుర్తుచేసే ఉత్తరం అతను కళాశాల వదిలాక తెరవని ఈమెయిలుకు వెళ్ళివుంటుంది! ఇందులో ఎవరినీ తప్పుపట్టటానికి లేదు. ఏర్పాటే అలాంటిది.

4. కింద నేల కదిలిపోవటం

ఆట బాగానే వుంటుంది. అది నిలబడ్డ నేల కదిలిపోతుంది. ఫేస్‌బుక్కులో వ్యవసాయపు ఆట ‘ఫార్మ్‌విల్’ 2009లో వచ్చి కోట్లమందిని కట్టిపడేసింది. అది ఫ్లాష్ అనే సాధనం మీద ఆధారపడింది. ఫ్లాష్‌కు అడోబీ సంస్థ మద్దతు ఆపివేసిన 2020 డిసెంబరు 31నే ఫార్మ్‌విల్ కూడా మూతపడింది. దానితోపాటు ఒంటరి మనుషులు రాసిన వేలాది చిన్న ఫ్లాష్ ఆటలూ మూగబోయాయి. అలాగే అనేక ఆటలకు జోడీలు వెతికిపెట్టే పని చేసిన ‘గేమ్‌స్పై’ సేవ 2014 మే 31న ఆగిపోయింది. వేరే ఏర్పాటు చేసుకోలేని ఆటలకు ఆనాటితో ఆన్‌లైన్ ముచ్చట తీరిపోయింది. ఫోనుల్లోనూ ఇదే వరస. కొత్త ఆండ్రాయిడుకు తగినట్టు ఎప్పటికప్పుడు మార్చని ఆటను గూగుల్ ప్లే కొత్త ఫోన్లవారికి చూపించదు. ఏమీ చేయకుండా వూరుకున్నా ఆట పాడవుతుందన్నమాట, దున్నని చేనులాగా.

5. యజమాని మనసు మారటం

‘క్లబ్ పెంగ్విన్’ పిల్లల ఆట. 2005లో మొదలైంది, 2007లో డిస్నీ కొన్నది, 2017 మార్చి 30న ఆపేసింది. ‘సిటీ ఆఫ్ హీరోస్’ 2004లో వచ్చింది, ఆడేవాళ్ళు ఎంత మొరపెట్టుకున్నా 2012 నవంబరు 30న ఆగింది. ‘ది క్రూ’ అనే కార్ల ఆటను జనం డబ్బు పెట్టి కొన్నారు. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. ఆ ఆటలో ఒక్కడే ఆడే భాగం కూడా సర్వరు లేనిదే నడవదు గనుక, కొన్నవారి చేతిలో పనికిరాని డబ్బా మిగిలింది. అప్పుడే రాస్ స్కాట్ అనే ఆయన “ఆటలను చంపకండి” అని ఉద్యమం లేవదీశాడు. ఐరోపాలో దానికి పది లక్షలకు పైగా పౌరుల సంతకాలు వచ్చాయి. వాళ్ళు అడిగేది ఎల్లకాలం సర్వరు నడపమని కాదు, ఆపేటప్పుడు ఆటను ఆడగలిగే స్థితిలో వదిలిపొమ్మని. న్యాయమైన కోరికే గదా!

6. చట్టం

ఖర్చులు రాబట్టటానికి “పందెం పెడదాం, అందులో మనకు కొంత” అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. అది తప్పుదారి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదానికి ఆడే ఆటలను ప్రోత్సహించాలన్నది. కాబట్టి చందా వేరు, పందెం వేరు అన్న గీత చెరగకూడదు.

నిలిచిన ఆటలు ఎలా నిలిచాయి?

‘మెరిడియన్ 59’ 1996లో వచ్చింది. 2000లో కంపెనీ మూసేసింది. దానిమీద పనిచేసినవారే ఇద్దరు హక్కులు సంపాదించి 2002లో మళ్ళీ తెరిచారు. 2012లో ప్రోగ్రామునే అందరికీ బహిరంగంగా ఇచ్చేశారు. ఇక దాన్ని ఏ ఒక్కరూ చంపలేరు.

‘సిటీ ఆఫ్ హీరోస్’ది మరో దారి. మూతపడ్డ ఏడేళ్ళకు అభిమానులు స్వంత సర్వర్ల మీద దాన్ని బహిరంగంగా నడపసాగారు. 2024 జనవరిలో హక్కుదారైన సంస్థే వాళ్ళలో ఒక బృందానికి అనుమతి పత్రం ఇచ్చింది. అనుమతి లేకుండా నడిపినన్నాళ్ళు ఎప్పుడు నోటీసు వస్తుందోనన్న భయం వుంటుంది. పరాయి సొత్తు విషయంలో అడిగి తీసుకోవటమే మేలు.

‘ఫ్రీసివ్’ కథ మన విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు దాన్ని రాసి 1996 జనవరిలో విడుదల చేశారు. ప్రోగ్రాము మొదటినుంచీ బహిరంగం. వాళ్ళు ముగ్గురూ తప్పుకున్నా, ఎక్కడెక్కడివాళ్ళో అందుకున్నారు. ఇందులో ఎవరి కంప్యూటరునైనా సర్వరుగా పెట్టుకోవచ్చు. అంటే అట్టలు ప్రతి నేతగాడి యింట్లోనూ వున్నాయి. ఇక ఎవరు ఆపగలరు?

చదరంగం ఆడే ‘లీచెస్’ను 2010లో తిబో డుప్లెసి అనే ఫ్రెంచి యువకుడు మొదలుపెట్టాడు. ప్రకటనలు లేవు, రుసుము లేదు, ప్రోగ్రాము బహిరంగం. ఇష్టమైనవారు ఇచ్చే విరాళాల మీదనే నడుస్తుంది. ఏ యంత్రానికి ఎంత ఖర్చవుతుందో లెక్క జనం ముందు పెడుతుంది. లెక్క చూపినవాడికి నలుగురూ ఇస్తారు; దేవుడి హుండీ విషయంలోనూ ఇదే న్యాయం.

ఇక నిలవకపోయినా గౌరవంగా వెళ్ళిన ఆట ‘గ్లిచ్’. 2011లో వచ్చి 2012 డిసెంబరు 9న ఆగింది. కంపెనీ ముందుగా చెప్పింది, ఆటగాళ్ళకు డబ్బు తిరిగి ఇవ్వజూపింది, ఏడాది తిరక్కముందే బొమ్మలను, ప్రోగ్రాములో కొంత భాగాన్ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఆ కంపెనీయే తరువాత ఆఫీసుల్లో వాడే ‘స్లాక్’ను తయారుచేసింది.

మనం చేయదగిన పనులు

మన కళాశాలలో ఆట తయారుచేసే మిత్రులకు ఈ క్రింది సూచనలు పనికొస్తాయని నమ్మకం.

(అ) మొదటిరోజే వారసులను పెట్టండి. తాళాలు ముగ్గురి దగ్గర వుండాలి. అందులో ఒకరు జూనియరు అయివుండాలి, ఒకరు ఇంకా కొన్నేళ్ళు కళాశాలలో వుండే అధ్యాపకులైతే మరీ మంచిది. గడువు ఉత్తరాలు ముగ్గురికీ రావాలి.

(ఆ) రెండు పేజీల కాగితం రాయండి. కొత్త కంప్యూటరు మీద ఈ ఆటను మొదటినుంచి నిలబెట్టటమెలా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు. రాశాక, ఆ ఆట గురించి ఏమీ తెలియని జూనియరు చేతికిచ్చి నిలబెట్టమనండి. వాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడ కాగితం తప్పు, వాడిది కాదు.

(ఇ) నకలు తీయండి. పాయింట్ల లెక్కలకు వారానికొక నకలు, వేరే చోట. అంతేకాదు, ఆ నకలు నుంచి ఆట తిరిగి లేస్తుందో లేదో ఏడాదికి రెండుసార్లయినా పరీక్షించండి. తెరిచి చూడని నకలు నకలు కాదు.

(ఈ) వేళ పెట్టండి. రోజూ జనం రాకపోతే వారానికి ఒక రాత్రి చాలు. మరీ తక్కువమంది అయితే ఎత్తుకు ఒకరోజు గడువిచ్చే పద్ధతి పెట్టండి. పూర్వం పోస్టుకార్డుల మీద చదరంగం ఆడినవాళ్ళు నెలల తరబడి ఒక ఆట ఆడేవారు.

(ఉ) సర్వరును ఆడేవాళ్ళకు ఇవ్వగలిగేటట్టు రాయండి. హాస్టలులోని పాత కంప్యూటరు మీద, ఇంటర్నెట్టు లేకుండా ఒకే వైఫై మీద కూడా ఆట నడవగలిగితే, దానికి ఆయుష్షు పెరిగినట్టే.

(ఊ) అవసరం లేని వివరాలు అడగకండి. ఫోను నంబరు, పుట్టినరోజు, ఫోటో ఇవన్నీ ఎందుకు? 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మారుపేరుతో ఆడనిస్తే ఏ బాధా లేదు.

(ఋ) ఆపక తప్పనప్పుడు చెప్పి ఆపండి. మూడు నెలల ముందు తేదీ ప్రకటించండి. ఎవరి లెక్కలు వాళ్ళను తీసుకోనివ్వండి. సర్వరు ప్రోగ్రామును బహిరంగంగా వదిలిపెట్టండి. ఆఖరి రాత్రి అందరినీ పిలిచి ఆడండి.

నిమ్మలకుంట నేర్పే పాఠం

ఇదంతా కంప్యూటరువాళ్ళ గొడవ అని తెలుగు, చరిత్ర శాఖల మిత్రులు పేజీ తిప్పవద్దు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట వుంది, తోలుబొమ్మలాటకు పేరుమోసిన వూరు. ఒకప్పుడు తెల్లవార్లూ రామాయణ, భారత కథలు ఆడిన కుటుంబాలు అవి. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, తెర ముందు జనం పలచబడ్డారు. ఆటకు ఆటగాళ్ళు దూరమైనట్టే. అప్పుడు ఆ కళాకారులు అదే తోలు మీద, అదే రంగులతో దీపపు బుడ్డీలకు తొడుగులు, గోడ బొమ్మలు చేయటం మొదలుపెట్టారు. చేతిపని నిలిచింది. ఆ వూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇది మనందరికీ గర్వకారణం.

అయినా ఒక మాట ఆలోచించాలి. బొమ్మ గోడకు వేలాడటం వేరు, తెర వెనుక దీపం వెలుగులో ఎగిరి దూకటం వేరు. గోడమీది బొమ్మకు పాట రాదు, హాస్యగాడి మాట రాదు. ఆటల విషయంలోనూ ఇంతే. బొమ్మల ఫోటోలు దాచుకున్నా, ప్రోగ్రామును డిస్కులో పెట్టి బీరువాలో దాచినా, అది భద్రపరచటమే గాని బతికించటం కాదు. ఆట బతకాలంటే ఎవరో ఒకరు ఆడాలి, మరొకరికి నేర్పాలి.

1565లో రాక్షసతంగడి యుద్ధం తరువాత విజయనగరం పాడుపడితే, తిరుమలరాయలు కొలువును పెనుకొండకు తెచ్చాడు. ఆ తరువాత అది చంద్రగిరికి మారింది. హంపీ బజారు అయితే తిరిగి రాలేదు గాని, రాజ్యం మరికొన్ని తరాలు సాగింది. రాళ్ళను మోసుకురాలేదు, మనుషులు కదిలివచ్చారు. సర్వరు పోయినా ఆడేవాళ్ళ చిట్టా, నియమాల కాగితం, ఒకరి అడ్రసు ఒకరికి వుంటే ఆట కూడా ఇలాగే మరో చోట కొలువుతీరుతుంది.

కనుక మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ప్రతి ఏడూ పాత కోశాధికారి కొత్త కోశాధికారికి ఖాతా పుస్తకం అప్పగించినట్టే, ఆఖరి సంవత్సరం విద్యార్థులు తాము చేసిన ఆటలను, ఇతర ప్రోగ్రాములను తాళాలతో సహా జూనియర్లకు అప్పగించే రోజు ఒకటి పెట్టాలి. ల్యాబులో పక్కన పెట్టిన కంప్యూటరు ఒకటి వాటికోసం కేటాయించాలి. బెంగుళూరు, హైదరాబాదుల్లో స్థిరపడిన పూర్వవిద్యార్థులు ఏడాదికొకసారి అద్దె చందా పంపినా, ఒక శనివారం రాత్రి వచ్చి జూనియర్లతో నాలుగు ఆటలు ఆడినా మేలే. రెండోదానికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం మొదటిదానికంటే ఎక్కువ.